నా బండిలో నేనొస్తాను

నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన ప్రోగ్రాముల్లో ఒక్కటి కూడా ఇప్పుడు బతికి లేదు. కొన్నిటిని నా కళ్ళముందే తీసేశారు, కొన్నిటిని నాచేతే తీయించారు. అందుకు విచారం లేదు. కానీ ఆ ఉద్యోగం నిలబెట్టుకోవడానికి కొన్న పాత స్టేషన్ వ్యాగన్ కారు గురించి మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెబుతుంటాను. మెల్‌బోర్న్‌లో దిగిన నెలకే కొత్త కారు పక్కన నిలబడి ఫోటో దిగే పిల్లలకి మరీ పట్టుబట్టి చెబుతాను. మీ కార్ల మీద నాకేమీ కోపం లేదు. తాళం చేతికొచ్చినంత మాత్రాన బండి మనది కాదని మాత్రం నా నమ్మకం.

అది రెండువేల సంవత్సరం వస్తోందని లోకమంతా కంగారు పడుతున్న కాలం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నారు. తొంభై తొమ్మిది తర్వాత రెండు సున్నాలు వస్తే కంప్యూటరు వందేళ్ళు వెనక్కి వెళ్ళిపోతుంది. అలాంటి చోట్లన్నీ వెతికి నాలుగంకెలు చేయడం మా పని. బియ్యంలో రాళ్ళేరడం కంటే గొప్ప పనేమీ కాదు. అయితే ఏరేవాళ్ళు చాలక దేశదేశాల నుంచి మనుషుల్ని రప్పించుకున్నారు. నలభై దాటిన వయసులో నేనూ, నా భార్యా అలా వచ్చి నగరానికి పడమట ఒక చిన్న యూనిట్‌లో అద్దెకి దిగాం.

నన్ను రప్పించిన కంపెనీలో మా మేనేజరు మా ఊరివాడే. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా తాతగారికి ఒంగోలు చుట్టుపక్కల బస్సు సర్వీసు ఉండేది. ప్రభుత్వం ఆ రూట్లు తీసుకుంది. మా నాన్నగారు లారీలు పెట్టారు. అడిగినవాడికల్లా హామీ సంతకం చేసి లారీల్నీ, షెడ్డునీ, చివరికి ఇంటినీ పోగొట్టారు. నేను డిగ్రీకొచ్చే నాటికి మాకు మిగిలింది ఇంటిపేరు. ఊళ్ళో దాన్ని పలికే తీరు కూడా అప్పటికి మారిపోయింది. మేనేజరు తండ్రి మా తాతగారి దగ్గర బుకింగ్ గుమాస్తాగా చేసేవాడు. కొడుకు బాగా చదువుకుని, నాకంటే ముందు ఈ దేశం వచ్చి, నాకు పై అధికారి అయ్యాడు. అది అతని కష్టం, కాదనను. నన్ను నలుగురిలో ‘చిన్నబాబుగారూ’ అని పిలవడం మాత్రం కష్టంతో వచ్చిన హక్కు కాదు.

ఆ ఏడాది మాకు ఒక పాల కంపెనీ పని దొరికింది. కంప్యూటర్లున్న ఆఫీసు గీలాంగ్ దాటి చాలా దూరంలో, పచ్చిక బయళ్ళ మధ్య ఒక చిన్న ఊళ్ళో ఉంది. సోమవారం వెళ్ళి అక్కడే ఉండి శుక్రవారం తిరిగి రావాలి. మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

“రైలు పక్క ఊరి దాకానే. కార్లు లేనోళ్ళు సోమవారం తెల్లారేసరికి మా ఇంటి ముందు ఉండండి, నా కార్లో తీసుకెళ్తా. శుక్రవారం నేను బయల్దేరినప్పుడే మీరూ బయల్దేరాలి.” నావైపు తిరిగి నవ్వాడు. “చిన్నబాబుగారూ, మీరూ అంతే. ఒకప్పుడు మీ బస్సుల్లో మేం తిరిగాం. ఇప్పుడు మా కార్లో మీరు తిరగండి.”

“నా బండిలో నేనొస్తాను,” అన్నాను.

“మీకు బండుందా?”

“ఉంటుంది.”

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. “అక్కడ గేటు దగ్గర బండి నంబరు ముందే ఇవ్వాలి. పై శుక్రవారం సాయంత్రంలోగా నంబరు నాకు చెప్పండి. లేదంటే నా కారెక్కండి. రెండూ కాదంటే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తా. పని లేని మనిషికి మన కంపెనీ వీసా నడపదు. ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు.”

ఇంటికొచ్చి నా భార్యకి చెప్పాను. “వారానికి రెండుసార్లేగా. ఎక్కితే ఏం పోద్దండీ?” అంది.

“పోయేవన్నీ పోయాయి. మిగిలింది ఇదొక్కటే.”

“అదే నా భయం. అదొక్కటీ పట్టుకుని మనల్ని మళ్ళీ విమానం ఎక్కిస్తారేమోనని.”

ఆమె భయంలో తప్పు లేదు. అయినా నేను ఆ కారు ఎక్కదలచుకోలేదు.

మా పక్క యూనిట్‌లో నాతో పనిచేసే హైదరాబాదు కుర్రాడు ఉండేవాడు. కుర్రాడంటే ముప్పై దాటినవాడే. వాళ్ళ నాన్నకి పాతబస్తీలో మోటారు విడిభాగాల దుకాణం. నమాజు వేళ తప్పేవాడు కాదు, నన్ను ఎగతాళి చేసే వేళా తప్పేవాడు కాదు. అతను మేనేజరు కార్లో పోవడానికి సిద్ధంగానే ఉన్నాడు.

“నాకేం ఫరక్ పడదు దొరా. ఫ్రీ సవారీ. నీకెందుకంత గుస్సా?”

“నన్ను దొరా అనకు.”

“అనకపోతే మారుతవా? అనకున్నా నువ్వు గట్లనే నడుస్తవు గదా!”

అయినా బండి వెతకడానికి నాతో అతనే వచ్చాడు. మాకు దొరికింది ఒక పూలకొట్టు వెనక పెరట్లో ఉన్న స్టేషన్ వ్యాగన్. పొడవాటిది, ఆరు సిలిండర్లది, ఆటోమేటిక్ గేరు. ఒకప్పుడు తెల్లరంగు. కొట్టు నడిపే గ్రీకు ఆవిడ అందులో మార్కెట్ నుంచి పూలు తెచ్చేదట. మోకాళ్ళు పట్టేశాక దాన్ని అక్కడే వదిలేసింది. రిజిస్ట్రేషను గడువు దాటిపోయింది. వెనక తలుపు ఎత్తితే కుళ్ళిన పూరేకుల వాసన, తడిమట్టి వాసన కలిసి ముఖాన కొట్టాయి.

“ఇంజను మంచిది నాయనా,” అందావిడ తన ఇంగ్లీషులో. “బ్రేకులు మాత్రం దేవుడి చేతిలో ఉన్నాయి. పల్లంలోకి తీసుకెళ్ళకు.”

ఆవిడ ధర చెప్పింది. నేను జేబులో చెయ్యి పెట్టాను. హైదరాబాదు మిత్రుడు నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

“ఏందిది? బేరం చెయ్యవా?”

“మా ఇంట్లో బండి కొనేటప్పుడు బేరమాడే అలవాటు లేదు.”

“గందుకే ఇల్లు పోయింది దొరా.”

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఆరోజుతో స్నేహం చెల్లిపోయేది. అతను మాత్రం ఆ మాట అనేసి, నా వంక చూడకుండా బానెట్ ఎత్తి ఇంజన్లో తల దూర్చాడు. ఆవిడ చెప్పిన ధరే ఇచ్చాను. ఆవిడ ఏమనుకుందో, కొట్లోంచి ఒక పూలగుత్తి తెచ్చి నా భార్యకిమ్మంది.

ఈ రాష్ట్రంలో అలాంటి బండిని మళ్ళీ రోడ్డెక్కించాలంటే ముందు తనిఖీ చేయించి, నడపడానికి పనికొస్తుందని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ‘రోడ్‌వర్తీ’ అంటారు. అది చూపిస్తేనే నంబరు. మాకు అప్పటికి పని మొదలు కాలేదు గనక పగళ్ళన్నీ మావే. యూనిట్ల మధ్య సిమెంటు దారిలో వ్యాగన్‌ని జాకీ మీద లేపాం. నేను తెల్ల చొక్కా లోపలికి దోపుకుని పక్కన నిలబడ్డాను.

“నిలబడి చూసుడు కాదు దొరా. కిందికి దూరు.”

“నేనా?”

“కాదు, మీ తాతొస్తడు.”

అట్టముక్క పరుచుకుని పడుకున్నాను. మా వంశంలో బండి కింద పడుకున్న మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. కళ్ళలో తుప్పు రాలింది. చొక్కా పాడయింది. ఎవరేమనుకున్నా సరే, నాకది చిన్నతనం అనిపించలేదు. ఒకడి కార్లో వాడి దయ మీద కూర్చోవడంలో ఉంది చిన్నతనం. నా బండి కింద నేను పడుకోవడంలో ఏముంది?

పాత బండ్లను విప్పి భాగాలు అమ్మే యార్డుకి వెళ్ళి, అలాంటిదే ఇంకో వ్యాగన్‌కున్న వెనక లైటూ, సీటు బెల్టూ విప్పి తెచ్చుకున్నాం. టైర్లు మార్చాం. ముందు చక్రాలకి బ్రేకు ప్యాడ్లు నేనే వేస్తానన్నాను. వేశాను. అతను చక్రం బిగించబోతూ ఆగి, వంగి చూశాడు.

“దొరా, ప్యాడు ఉల్టా పెట్టినవు. ఇనుముతోని ఇనుము రాకితే బండి ఆగుతదా, అగ్గి పుడతదా?”

కిటికీలోంచి చూస్తున్న నా భార్య లోపలికి వెళ్ళిపోయింది. ఆమె నవ్వుకోవడానికి వెళ్ళిందో ఏడవడానికి వెళ్ళిందో నేను అడగలేదు. ప్యాడ్లు మళ్ళీ తీసి, మళ్ళీ నేనే వేశాను.

ఇంజను కింద ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు ఉంది. తనిఖీకి ముందురోజు మిత్రుడు దాని మీద బట్టలుతికే పౌడరు దండిగా చల్లి, బ్రష్షుతో రుద్ది, గొట్టంతో నీళ్ళు కొట్టాడు. పైన మెరిసింది. సందుల్లో పౌడరు ముద్దలు ఉండిపోయాయన్న సంగతి మేం చూసుకోలేదు.

శుక్రవారం పొద్దున తనిఖీ. ఒక్కరోజు నడుపుకోవడానికి తాత్కాలిక అనుమతి తీసుకున్నాను. ఆరోజు సర్టిఫికెట్ వస్తే మధ్యాహ్నం నంబరు తెచ్చుకోవచ్చు, సాయంత్రానికి మేనేజరుకి చెప్పవచ్చు. తప్పిందంటే అంతే.

బయల్దేరే ముందు బండికి పసుపు పెట్టాను. మా తాతగారి షెడ్డులో బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున బస్సులన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టేవారు. బండి బయట అందరూ పెడతారు. మా తాతగారు బానెట్ ఎత్తించి ముందు ఇంజనుకి పెట్టించేవారు. నేనూ బానెట్ మీద బొట్టు పెట్టి, గిన్నెలో పసుపు కలిపి ఇంజను మీదా, గేర్‌బాక్సు వైపు దిగే గొట్టాల మీదా ధారాళంగా పూశాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను.

“ఇంజనుకెందుకండీ అంత?” అంది నా భార్య.

“మా పద్ధతి అంతే.”

“జర తక్కువ రాయి దొరా,” అన్నాడు మిత్రుడు. “తనిఖీకి పోతున్నది, పెండ్లికి కాదు.”

దారంతా సన్నటి వాన. బ్రేకులు పట్టాయి, లైట్లు వెలిగాయి, వైపర్లు తిరిగాయి. తనిఖీ చేసే గ్యారేజీలో నీలం ఓవరాల్ వేసుకున్న పెద్దమనిషి ఉన్నాడు. మాట తక్కువ. బండిని పైకెత్తి, దాని కిందికి వెళ్ళి టార్చి వేసి ఒక్కొక్కటీ కదిపి చూశాడు. బ్రేకుల దగ్గర తలాడించాడు. టార్చి గేర్‌బాక్సు దగ్గర ఆగింది.

“కారుతోంది, మైట్,” అన్నాడు. ఇక్కడ ఎవరినైనా అలాగే పిలుస్తారు.

చూశాను. గేర్‌బాక్సు ఒంటినిండా ఎర్రటి చారలు. అడుగున ఎర్రటి బొట్టు వేలాడుతోంది. మేం చూస్తుండగానే నేల మీద పడింది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే నూనె ఎర్రగా ఉంటుంది. అది కారుతోందంటే గేర్‌బాక్సు దించి, నూనెని ఆపే రబ్బరు సీళ్ళు మార్చాలి.

“ఇలా సర్టిఫికెట్ ఇవ్వలేను. బాగుచేయించుకుని వచ్చే వారం తీసుకురా,” అన్నాడు పెద్దమనిషి.

మిత్రుడు వచ్చి ఆ బొట్టుని చూశాడు. “నిన్న నేను చూసిన భాయ్. అల్లా కసమ్, సుక్క కూడా కారలే.” గొంతు తగ్గించాడు. ఆ ఒక్కసారి దొరా అనలేదు. “ఫోన్ చేసి కార్లో వస్తనని చెప్పేయి. నేను పక్కన కూసుంట. ఇంటిదాని గురించన్నా ఆలోచించు.”

ఎదురుగా గోడకి ఫోను ఉంది. చేయడం నిమిషం పని. నేను ఫోను దగ్గరికి వెళ్ళలేదు. బండి కిందికి వెళ్ళాను. తెలిసి వెళ్ళలేదు, ఓడిపోయేటప్పుడు కనీసం దేనివల్ల ఓడిపోతున్నానో తాకి చూడాలనిపించింది. వేలాడే బొట్టుని వేలికి తీసుకుని రుద్దాను. నూనె జారాలి. జారలేదు. నీళ్ళలా ఉంది. వాసన చూశాను. మా వంటింటి వాసన.

మన ఇళ్ళలో ఎవరికి తెలియదు? పసుపునీళ్ళలో సున్నం వేస్తే ఎర్రగా మారుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు అవే. బట్టల పౌడరు కూడా పసుపుని సున్నంలాగే ఎర్రబారుస్తుంది. తెల్లబట్ట మీద పసుపు మరకని సబ్బుతో రుద్దిన ప్రతి ఇల్లాలూ చూసినదే. సందుల్లో మిత్రుడి పౌడరు, పైనుంచి నా పసుపు, దారంతా వాన. నా బండి తనకి తానే దిష్టి తీసుకుంటూ వచ్చింది.

“ఇది నూనె కాదు,” అన్నాను.

“ఎర్రగా ఉందిగా, మైట్.”

“ఒక గ్లాసు నీళ్ళివ్వండి. చేతులు కడుక్కునే పౌడరు కొంచెం ఇవ్వండి.”

ఆయన టీ తాగే గ్లాసులో నీళ్ళూ, పౌడరు డబ్బా తెచ్చాడు. బండిలో మిగిలిన పసుపు పొట్లం విప్పి నీళ్ళలో వేశాను. పచ్చగా అయింది. పౌడరు వేసి కలిపాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. మిత్రుడు నుదురు కొట్టుకున్నాడు. “అరె! మా పక్కింటోళ్ళు పెండ్లికొడుకుకు తిప్పి పారబోస్తరు గదా, గవే నీళ్ళు!”

పెద్దమనిషి గ్లాసుని వెలుతురులో తిప్పి చూశాడు. “అసలు ఇంజనుకి ఇదెందుకు పూశావు?”

“బండి క్షేమం కోసం. మా కుటుంబ ఆచారం.”

“నీ ఆచారమే నిన్ను ఫెయిల్ చెయ్యబోయింది, తెలుసా?”

“తెలుసు. ఆచారంలో తప్పు లేదు. కడగడంలో ఉంది.”

ఆయన నవ్వాపుకున్నాడు గానీ మెత్తబడలేదు. “గ్లాసు చూసి సర్టిఫికెట్ రాయలేను. కిందంతా శుభ్రంగా కడుగు. ఒక గంట తిప్పి వేడిచేసి తీసుకురా. మళ్ళీ ఎర్రగా కనబడితే అది ఏమైనా సరే, ఫెయిలే. పైన ఉన్న ఆ పసుపంతా కూడా కడిగెయ్యి.”

“కిందది కడుగుతాను. మీరు చూడాలి కనక,” అన్నాను. “బానెట్ మీది బొట్టు ఉంటుంది.”

మిత్రుడు నా కాలు తొక్కాడు. పెద్దమనిషి గ్లాసు పక్కన పెట్టాడు. “బానెట్ గురించి రూలేమీ లేదులే,” అన్నాడు.

ఆయన గొట్టమే తీసుకుని నా చేతులతోనే కడిగాను. సందుసందునా పౌడరు వదిలేదాకా కడిగాను. కారే నీళ్ళు ఎర్రగా, తర్వాత లేతగా, చివరికి తెల్లగా అయ్యాయి. ఆ ఫ్యాక్టరీల వీధుల్లో బండిని తిప్పుతుంటే మిత్రుడు ఏదో దువా చదువుకుంటూ కూర్చున్నాడు. నిజంగా నూనె కూడా కారుతుంటే? ఎరుపు కింద ఇంకో ఎరుపు ఉంటే? ఆ మాట ఇద్దరం పైకి అనలేదు.

బండి మళ్ళీ పైకి లేచింది. పెద్దమనిషి ఈసారి టార్చి వెయ్యలేదు. కొత్త తెల్లగుడ్డ తీసి గేర్‌బాక్సు చుట్టూ, సీళ్ళ దగ్గర, అడుగున గట్టిగా తుడిచి, గుడ్డని నా ముఖం ముందు పరిచాడు. నల్లటి మసి ఉంది. ఎరుపు లేదు.

“ఇంజను మంచిదే కొన్నావు,” అని సర్టిఫికెట్ రాయడానికి లోపలికి వెళ్ళాడు.

సాయంత్రం నేనే మేనేజరుకి ఫోన్ చేసి నంబరు చదివాను. ఒక్కొక్క అక్షరం ఆపి ఆపి చదివాను. “సరే, రాసుకున్నా,” అన్నాడు. ఈసారి చిన్నబాబుగారూ అనలేదు.

సోమవారం హైదరాబాదు మిత్రుడు తన పెట్టె తెచ్చి నా వ్యాగన్ వెనక పడేశాడు. “ఫ్రీ సవారీ అక్కడ కూడా ఉందిగా?” అన్నాను. “ఉన్నది. గానీ ఆయన కార్ల పెట్టే పాటలు బాగుండవు,” అన్నాడు. మరుసటి వారం మరొకతను ఎక్కాడు. శుక్రవారాలు మేం పని అయిపోగానే బయల్దేరేవాళ్ళం, మేనేజరుకి పని అయినప్పుడు కాదు. వాళ్ళలో ఎవరినీ నేను పిలవలేదు. ఎవరినీ వద్దనలేదు.

వానాకాలం పోయాక ఒక ఆదివారం మేనేజరు నుంచి ఫోను. అతని భార్యకి ఆ వారం కారు కావాలట. “రేపు మీతో వచ్చేస్తా,” అన్నాడు, అడిగినట్టు కాకుండా చెప్పినట్టు. రమ్మన్నాను.

తెల్లవారి వాళ్ళ ఇంటి ముందు ఆపాను. సంచి వెనక పెట్టి, వెనక తలుపు తీసుకుని, సీటు మధ్యలో కూర్చుని పేపరు విప్పాడు. నేను ఇంజను ఆపేశాను.

“ఏమైంది?”

“ముందుకి రండి.”

“పర్లేదు, ఇక్కడ బానే ఉంది.”

“నాకు బాగాలేదు. మీరు వెనక కూర్చుని నేను నడిపితే నేను డ్రైవర్ని అవుతాను. ఈ బండికి డ్రైవరు లేడు. ఓనరు ఉన్నాడు.”

నా పక్క సీట్లో ఉన్న మిత్రుడు నవ్వు దాచుకోలేక తలుపు తీసుకుని దిగిపోయాడు. మేనేజరు పేపరు వంక చూస్తూ ఉండిపోయాడు. ఉద్యోగం, వీసా ఇంకా అతని చేతిలోనే ఉన్నాయి. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. వీధిలో ఎవరో చెత్తడబ్బా లోపలికి లాక్కెళుతున్న చప్పుడు వినబడుతోంది. నేను చేతులు స్టీరింగు మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాను. ఎంతసేపైనా అలా కూర్చోగలను, అది మా ఇంట్లో నేర్పిస్తారు.

చివరికి పేపరు మడిచాడు. దిగాడు. చుట్టూ తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. మిత్రుడు వెనక ఎక్కాడు.

“బెల్టు,” అన్నాను.

పెట్టుకున్నాడు. అప్పుడు స్టార్ట్ చేశాను.